తిమింగలం కడుపులో దబ్బనం

ఆ రోజు పొద్దున్న సముద్రమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటినిండా రాలిన దారప్పోగులూ దూదీ ఊడ్చేయడం, స్నానం చేసి ఇస్త్రీ బట్టలు కట్టుకోవడం, కొత్తగా తెరుస్తున్న పళ్ళ ఆసుపత్రికి వెళ్ళి తాను చేసిన వస్తువుల పక్కన ఏమీ ఎరగనట్టు నిలబడడం. "ఇవన్నీ ఎవరు చేశారండీ?" అని ఎవరైనా అడిగితే కాస్త సిగ్గుపడడం. ఆ సిగ్గును కూడా అద్దం ముందు రెండు మూడు రకాలుగా పడి చూసుకుంది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. చేసేదంతా సముద్రం సరుకే కాబట్టి సముద్రమ్మ అయిపోయింది. గుడ్డ మీద పడవలు కుట్టేది, లైట్‌హౌసులు కుట్టేది. గవ్వలకు చిల్లులు పెట్టి గుమ్మాలకు తెరలు అల్లేది. అద్దాల చుట్టూ తాళ్ళు ముడివేసి చట్రాలు కట్టేది. అసలు సముద్రం దగ్గర మాత్రం నిలబడలేదు. ఒకసారి వెళ్ళి అలలు చూస్తూ చూస్తూనే కళ్ళు తిరిగి ఇసకలో కూలబడింది. "దానికీ నాకూ దూరంగా ఉంటేనే పడుతుంది," అనేది.

పళ్ళ డాక్టరమ్మకి ఒక నమ్మకం ఉండేది. రోగికి భయం లోపలి కుర్చీలో పుట్టదు, బయట బెంచీ మీద పుడుతుంది. ఆ బెంచీ ఎదురుగా సముద్రం కనిపిస్తే మిషను రొద కూడా అలల హోరులా వినిపిస్తుంది. అందుకని ముందుగదిని మొత్తం సముద్రమ్మకి అప్పజెప్పింది. గోడకి పడవల తెర, కిటికీకి గవ్వల దండలు, బెంచీల మీద చేపల దిండ్లు, మూలనున్న సోఫా పొడుగునా పరిచిన పెద్ద నీలి తిమింగలం. అన్నీ చేత్తో కుట్టినవే. పైగా డాక్టరమ్మ స్నేహితురాలు ఒకావిడ సముద్రపొడ్డున హోటలు నడుపుతోంది. ఆవిడ ఆ రోజే వచ్చి చూస్తానంది. నచ్చిందా, హోటలు గదులన్నిటికీ సముద్రమ్మే కుట్టాలి.

సముద్రమ్మ భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. పనికి పోతూ పోతూ తెల్లారగానే సామానంతా ఆసుపత్రిలో దింపేసి వెళ్ళాడు. ఆమె పాటలాంటిదేదో కూనిరాగం తీస్తూ సూదుల డబ్బా సర్దుకుంటోంది.

దబ్బనం కనిపించలేదు.

దబ్బనం పోవడం సూది పోవడంలాంటిది కాదు. జానెడు పొడుగుంటుంది. గోనెసంచుల మూతులు కుట్టేవాళ్ళు వాడేది. లావుపాటి దిండుకి ఈ చెంప నుంచి ఆ చెంపకి గుచ్చి, గుండీతో చేసిన కళ్ళు బిగించడానికి సముద్రమ్మ దాన్నే వాడుతుంది. డబ్బాలో లేదు. చాప కింద లేదు. కుట్టుమిషను సొరుగులో లేదు.

"అత్తయ్యా, నిన్న సాయంత్రం నా దబ్బనం చూశారా?"

దిండ్లలో దూది కూరడానికి సాయం పట్టిన అత్తగారు వంటింట్లోంచి తల బయటికి పెట్టారు. "చూడకేం? కళ్ళు బిగించడం అవగానే దాన్ని ఎక్కడో గుచ్చి, ఫోను మోగుతోందని లేచి వెళ్ళావు."

"ఎక్కడో అంటే ఎక్కడ?"

"ఎక్కడో అంటే ఎక్కడో! చాప నిండా చేపలే. అన్నీ పొట్టలు తెరుచుకుని పడున్నాయి. నీ ఫోను తెమిలేలా లేదని నేనే దూది కుక్కి పొట్టలన్నీ కుట్టేశాను."

సముద్రమ్మ గబగబా భర్త నంబరు నొక్కసాగింది. అత్తగారికి విషయం బోధపడడానికి ఓ నిమిషం పట్టింది. పట్టాక చేతిలోని గరిటె కింద పెట్టారు. "సూదిలా దూరి దబ్బనంలా తేలేవాళ్ళని చూశాను. ఇది దూరడమే దబ్బనంలా దూరింది. ఇంక ఎలా తేలుతుందో తల్లీ!"

ఆ సమయానికి భర్త ఏదో మేడ కింద లిఫ్టు గుంతలో ఉన్నాడు. అతని గొంతు ఫోనులో బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"దిండ్లిచ్చేశారా?"

"ఇచ్చేశాను."

"వాటి మీద ఎవరైనా కూర్చున్నారా?"

"కూర్చోవడానికేగా కుట్టావు?"

"అరుపులేమైనా వినిపించాయా?"

"పళ్ళ ఆసుపత్రిలో అరుపు వినిపిస్తే అది దిండు వల్లేనని ఎలా తెలుస్తుంది?"

సంగతి చెప్పింది. విని అతను అతి మామూలు సలహా ఒకటి ఇచ్చాడు. "డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పెయ్. పొరపాటున ఒక దబ్బనం ఉండిపోయిందమ్మా, ఎవరినీ కూర్చోనివ్వకండి అని. రెండే ముక్కలు."

"మొదటిరోజునా? ఆ హోటలావిడ వచ్చే పూటా? దిండులో దబ్బనం పెట్టి కుట్టిందంటే ఈ జన్మలో నా చేతిపని మీద ఎవరైనా కూర్చుంటారా? మీరు రండి. మూడో కంటికి తెలీకుండా వెళ్ళి తీసేసుకుందాం."

ఆ సలహా వినివుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఇద్దరూ చేరుకునేసరికి ఆసుపత్రి కిటకిటలాడుతోంది. మొదటిరోజు పరీక్ష ఉచితమనేసరికి నొప్పి ఉన్నవాళ్ళతో పాటు లేనివాళ్ళు కూడా వచ్చారు. సముద్రమ్మ గుమ్మంలోనే ఆగి, కూర్చున్నవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. అందరి మొహాల్లోనూ బాధే. ఏది పంటి బాధో ఏది దిండు బాధో పోల్చుకోవడం ఎలాగో తెలియలేదు.

బల్ల దగ్గర కూర్చున్న రిసెప్షన్ అమ్మాయిని మెల్లిగా అడిగింది. "దిండ్ల కుట్లు ఒకసారి సరిచూసుకోవాలమ్మా."

"అయ్యో, కుదరదండీ. దిండ్లని ఎవరూ కదపకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పొద్దుట్నుంచీ ఆవిడ అదోలా ఉంది. కాఫీ కూడా నిలబడే తాగింది. కంగారు కాబోలు. అక్కడ పేషెంట్లు తప్ప ఇంకెవరూ కూర్చోవద్దంది."

"మా ఆయనకి పన్ను నొప్పి!" అంది సముద్రమ్మ.

భర్త ఆమె వంక చూశాడు. తన నొప్పులు తనకంటే ముందు ఆమెకి తెలియడం ఇన్నేళ్ళ కాపురంలో కొత్తేమీ కాదు. బుద్ధిగా చెంప మీద చెయ్యేసుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. తోడు వచ్చినట్టుగా ఆమె పక్కన చేరింది.

ఇద్దరూ చెరో దిండూ ఒళ్ళోకి తీసుకుని తడమడం మొదలుపెట్టారు. 

"గట్టిగా నొక్కకండి," గొణిగింది సముద్రమ్మ.

"నొక్కకపోతే ఉందని ఎలా తెలుస్తుంది?"

"నొక్కితే మీకే తెలుస్తుంది."

అతను చేతులు వెనక్కి తీసుకుని, మళ్ళీ నిద్రపోతున్న కుక్కని నిమిరినట్టు నిమిరాడు. ఎర్రచేపలో లేదు. చారల చేపలో లేదు. అంతలో ఓ చిన్నపాప పరుగెత్తుకొచ్చి నక్షత్రచేప మీదికి ఎగిరింది. సముద్రమ్మ ఆ పాపని గాల్లోనే అందుకుంది.

"ఏంటండీ అది?" పాప తల్లి కస్సుమంది. "దిండు మీద కూర్చుంటే అరిగిపోతుందా?"

"కాదమ్మా, కొత్తది కదా... ఇంకా కుదుటపడలేదు," అని నసిగి, పాపని దింపి నక్షత్రచేపని లాక్కుంది. అయిదు కాళ్ళూ పిసికింది. అందులోనూ లేదు. పీతలో లేదు. గవ్వ ఆకారపు దిండులో లేదు. ఒక్కొక్కటీ అయిపోతున్నకొద్దీ ఊపిరి తేలిక పడాల్సింది పోయి బరువెక్కింది. ఎందుకంటే ఇంక మిగిలింది తిమింగలమే.

దాని మీద రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరు ఆసీనులై ఉన్నారు. తల చుట్టూ దవడ కింద నుంచి మఫ్లరు కట్టుకుని, కళ్ళు మూసుకుని, పలకరిస్తే కరిచేలా ఉన్నారు.

"సార్, ఈ బెంచీ మీదికి వస్తారా? ఇక్కడ గాలి బాగా వస్తుంది," అంది సముద్రమ్మ.

"గాలి తగిలితే నొప్పి," అన్నారాయన కళ్ళు తెరవకుండా.

"మీ వంతు వచ్చినట్టుంది సార్."

"వచ్చి మూడుసార్లయింది. నేనే వెనకవాళ్ళని పంపిస్తున్నాను. నన్ను కదిలించకు."

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికి వచ్చింది. సముద్రమ్మని చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది. ఆ పాలిపోవడం సముద్రమ్మ గుండెలో గుచ్చుకుంది. డాక్టరమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మీతో తర్వాత విడిగా మాట్లాడాలి. దిండ్ల సంగతి," అంది. ఆ వెంటనే భర్త వైపు తిరిగి, "మీరు ముందు లోపలికి రండి," అంది.

"నేనా? ఇంతమంది ముందు నుంచీ కూర్చుంటే..."

"మీరే ముందు!" అని రెక్క పుచ్చుకుని తీసుకుపోయింది. అతను దూడలా వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

దిండ్ల సంగతి! అంటే నచ్చలేదన్నమాట. రంగు నచ్చలేదా, కుట్టు నచ్చలేదా? లేకపోతే ఎవరికైనా గుచ్చుకుందా? సముద్రమ్మ ఆ ఆలోచనలో ఉండగానే వీధి గుమ్మంలో గలగలమని గవ్వలు చప్పుడయ్యాయి. నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుంటూ హోటలావిడ లోపలికి వచ్చింది. ఆవిడ వెనకాలే, రెండు చేతులతో సంచీని పొట్టకి అదుముకుని, అత్తగారు.

"మీరెందుకొచ్చారు అత్తయ్యా?"

"ఇల్లంతా దులిపాను. లేదు. అందుకని ఇది తెచ్చాను." సంచీలోంచి ఇనపముద్దలాంటిదొకటి తీశారు. లిఫ్టు గుంతల్లో జారిపడ్డ మరలు ఏరడానికి కొడుకు వాడే అయస్కాంతం. తీసీ తీయగానే అది ఎగిరి రిసెప్షన్ బల్ల కాలుకి అతుక్కుపోయింది. అత్తాకోడళ్ళిద్దరూ కాళ్ళు తన్నిపట్టి లాగితే గానీ ఊడి రాలేదు. "ఎవరితోనూ ఏమీ అనకండి," బతిమాలింది సముద్రమ్మ. "నాకు తెలీదూ!" అన్నారు అత్తగారు.

ఆవిడ తిన్నగా తిమింగలం దగ్గరికి వెళ్ళి, తోక నుంచి మొదలుపెట్టి అయస్కాంతాన్ని మెల్లిగా జరపసాగారు. హెడ్మాస్టరుగారు ఒక కన్ను తెరిచారు.

"ఏమిటమ్మా అది?"

"అయస్కాంతం."

"దేనికి?"

అబద్ధం చెప్పడం అత్తగారికి ఇష్టం లేదు. నిజం చెప్పడానికి వీల్లేదు. "లోపల దాక్కుని బాధపెట్టేది ఏదున్నా బయటికి లాగుతుంది," అన్నారు.

హెడ్మాస్టరుగారు రెండో కన్ను కూడా తెరిచారు. మఫ్లరు పక్కకి జరిపి దవడ ముందుకు చాచారు. "ఇక్కడోసారి పెట్టమ్మా."

గత్యంతరం లేక పెట్టారు. చల్లటి ఇనుము వాచిన చెంపకి హాయిగా తగిలింది. "అబ్బ! ప్రాణం లేచొచ్చింది!" అని ఆయన నోరు బార్లా తెరిచి చెప్పారు. ముందుగదిలో ఆయన నోరు అంతగా తెరవడం అదే మొదలు. దాంతో పక్క బెంచీ మీది ఆయన లేచి వచ్చాడు. ఆయన వెనక పాప తల్లి. చూస్తుండగానే అత్తగారి ముందు వరస కట్టేశారు. "నాకు పైపన్నండీ", "నాకు జ్ఞానదంతం", "నెట్టకండి, నేను ముందొచ్చాను". రిసెప్షన్ అమ్మాయి పిలిచిన పేరుకి పలికే నాథుడు లేడు.

"ఈ వైద్యం సంగతి నాకు చెప్పనేలేదే!" అంది హోటలావిడ ముచ్చటపడి. "దిండూ మందూ కలిపి ఇస్తున్నారా? ఏదీ, నేనూ చూస్తాను." అంటూ తిమింగలం మీద హెడ్మాస్టరుగారి పక్కన కూర్చోబోయింది.

"అక్కడొద్దు!" అంది సముద్రమ్మ.

"ఏం?"

"అది... నొప్పి ఉన్నవాళ్ళకి."

"నాకూ ఓ పన్ను సలుపుతోందిలెండి." కూర్చుంది. బాగా వెనక్కి జరిగి, ఒకసారి అటూ ఇటూ ఊగి మరీ కూర్చుంది.

ఇప్పుడు తిమింగలం మీద ఇద్దరు. ఒకరు తన పరువు, ఇంకొకరు తన బతుకుతెరువు. వాళ్ళు ఊగినప్పుడల్లా నీలిగుడ్డ ఒకచోట లోపలికి పోయి ఇంకోచోట ఉబుకుతోంది. ఆ ఉబ్బులో ఏ మూల మొన తేలుతుందోనని రెప్ప వేయకుండా చూస్తోంది. అత్తగారు వరసలోని దవడలకి ఓ చేత్తో సర్దిచెబుతూనే ఇంకో చేత్తో అయస్కాంతాన్ని హెడ్మాస్టరుగారి వెనగ్గా పోనిచ్చారు.

టక్కుమంది.

"దొరికింది!" అని కేక పెట్టారు అత్తగారు.

"ఏం దొరికింది?" హెడ్మాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. "అది నా తాళాలగుత్తి! జేబులో చెయ్యి పెడుతున్నారేమిటమ్మా మీరు?"

గది ఒక్కసారిగా మారిపోయింది. ఇందాకటిదాకా దవడలు చాచినవాళ్ళు జేబులు తడుముకోవడం మొదలుపెట్టారు. "మొదట్నుంచీ అనుమానంగానే ఉంది. దిండ్లన్నీ తడుముతున్నారు ఇద్దరూ!" అంది పాప తల్లి. "ఆ లోపలికి వెళ్ళినాయన కూడా వీళ్ళ మనిషే!" అన్నారు ఇంకెవరో. సరిగ్గా అప్పుడే ఆ లోపలి మనిషి నోటినిండా దూదితో బయటికి వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"తీఫేఫింది," అన్నాడు.

"ఏం తీసేసింది?"

"పన్ను. నీకు చెప్పొద్దంది. తనే నెమ్మదిగా చెప్తానంది."

సముద్రమ్మ ఒక్క అబద్ధానికి మొగుడి పన్ను ఊడింది, అత్తగారు దొంగయ్యారు. అయినా నోరు విప్పేదే కాదేమో. కానీ ఆ గలాభాలో పాపని పట్టించుకున్నవాళ్ళు లేరు. హెడ్మాస్టరుగారు తాళాల కోసం లేవడంతో తిమింగలం మీద ఖాళీ దొరికింది. పాప రెండడుగులు వెనక్కి వేసి, ఆ ఖాళీలోకి దూకడానికి గురి చూసుకుంటోంది. అందుకోవడానికి ఈసారి సముద్రమ్మ దగ్గరలో లేదు.

"ఆగు!" అని అరిచింది. "అందరూ లేవండి! ఆ తిమింగలం కడుపులో దబ్బనం ఉంది! జానెడు దబ్బనం! నేనే మరిచిపోయి కుట్టేశాను!"

హోటలావిడ లేచిన తీరుని లేవడం అనలేం. ఆమె ఒకచోట, నల్లకళ్ళద్దాలు ఇంకోచోట, చెప్పు మరోచోట తేలాయి. బెంచీల మీద ఒక్క ప్రాణి మిగల్లేదు. పాపని తల్లి గుండెలకి కరుచుకుంది.

సముద్రమ్మ ఇంక ఎవరి మొహమూ చూడలేదు. రిసెప్షన్ బల్ల మీది కత్తెర తీసుకుని తిమింగలం పొట్ట ఈ చివర నుంచి ఆ చివరికి చీరేసింది. ఎన్ని వారాలో కూర్చుని అలలు అలలుగా కుట్టిన పొట్ట. దూది పిడికిళ్ళతో తీసి గాల్లోకి విసిరింది. గుచ్చుకుంటే తనకే గుచ్చుకోవాలన్నట్టు వట్టి చేతులతో మూలమూలలా కెలికింది. తోకలో చూసింది. తలలో చూసింది. దూది హెడ్మాస్టరుగారి మఫ్లరు మీదా హోటలావిడ జుట్టు మీదా మంచులా వాలింది. చివరికి చేతిలో ఖాళీ తోలు మిగిలింది.

"లేదు," అంది కీచుగా. "ఇందులో కూడా లేదు."

"ఉండదు," అంది వెనక నుంచి డాక్టరమ్మ.

ఆవిడ చేతిలో స్టీలు పళ్ళెం ఉంది. అందులో పళ్ళ పనిముట్ల పక్కన, వాటికి పెద్దన్నయ్యలా, దబ్బనం మెరుస్తోంది.

"తెల్లారే దొరికింది. మీ ఆయన సామాను దింపి వెళ్ళిన కాసేపటికి. మిగతా దిండ్లు కూడా అన్నీ పిసికి చూశాను, ఇంకేమీ లేవు."

"ఎక్కడ దొరికింది?" హెడ్మాస్టరుగారు పాఠం అప్పజెప్పమన్నట్టు అడిగారు.

డాక్టరమ్మ చెయ్యి దానంతటదే నడుము కిందికి, వెనక్కి వెళ్ళింది. "అందుకా పొద్దుట్నుంచీ కూర్చోలేదు!" అని రిసెప్షన్ అమ్మాయి పైకే అనేసి నాలిక కరుచుకుంది.

"ఏం చెయ్యమంటారు?" అంది డాక్టరమ్మ, సముద్రమ్మతోనే. "సూదంటే భయపడకూడదని ప్రతి పేషెంటుకీ చెప్పేదాన్ని. వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. ఆ సంగతి తెలిస్తే నాతో ఇంజెక్షన్ ఎవరు చేయించుకుంటారు? అందుకే మీకు చాటుగా ఇచ్చేద్దామనుకున్నా. మీరు తొందరపడి బయటపెడతారేమోనని మీకు కాకుండా మీ ఆయన్ని ముందే లోపలికి పిలిచి చెప్పాను కూడా."

"నాకెక్కడ చెప్పారు?" భర్త దూది ఉమ్మేశాడు. "తీసేశాను, ఇంక భయం లేదు, జానెడు పొడుగుందన్నారు!"

"దబ్బనం గురించే అన్నానండీ. తలుపు తెరిచి ఉంది కదా, పేరు ఎత్తలేదు. మీ పళ్ళకేం? కడిగి వదిలేశాను."

అతను నాలుకతో ఒక్కొక్క పన్నునూ తడిమి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. అంతవరకూ లేని నొప్పి అప్పుడు మొదలైంది.

హెడ్మాస్టరుగారు మెల్లిగా మఫ్లరు విప్పారు. "మీరు కూడా అరిచారా డాక్టరుగారూ?"

"అరిచాను సార్."

"గట్టిగానా?"

"చాలా."

"అయితే లోపలికి పదండి. అరవడం తెలీని డాక్టర్లంటేనే నాకు భయం." అని ఆవిడ కంటే ముందు ఆయనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

సముద్రమ్మ నేల మీద కూర్చుని దూది పోగుచేయడం మొదలుపెట్టింది. హోటలావిడ రెండో చెప్పు వెతుక్కుని, తొడుక్కుని, వెళ్ళిపోతుందనుకుంటే వంగి తిమింగలం తోలు చేతిలోకి తీసుకుంది. అలల కుట్టు పైవైపు చూసింది. తిరగేసి లోపలి వైపు చూసింది. లోపల ఒక్క ముడి లేదు, ఒక్క దారం వేలాడడం లేదు. ఎవరూ చూడని వైపు కూడా ఎవరో చూస్తారన్నట్టు కుట్టి ఉంది.

"మా హోటలుకి రండి," అంది చివరికి. "గదులన్నిటికీ కావాలి. గోడకి వేలాడేవి, కిటికీకి వేలాడేవి, గుమ్మానికి వేలాడేవి. కూర్చునేవి మాత్రం ఒక్కటి కూడా వద్దు."

సముద్రమ్మకి సిగ్గుపడడం గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. అత్తగారు ఆమె నెత్తి మీది దూది తీసి సంచీలో వేసుకున్నారు.

ఆసుపత్రి ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. తిమింగలాన్ని మళ్ళీ నింపి, కుట్టి, అదే సోఫా మీద పెట్టారు. వచ్చినవాళ్ళందరూ గోడ మీది సముద్రాన్ని తనివితీరా చూస్తారు, నిలబడి.